వెండి రూపాయి కొనేముందు: నాణెం స్థితిని అంచనా వేసే క్రమం

"ఈ రూపాయి బిళ్ల మంచిదేనా, కొనొచ్చా?" అని అడిగేవాళ్ళు చాలామంది ముందు మెరుపు చూస్తారు. పాత వెండి నాణెంలో మొట్టమొదట అనుమానించాల్సింది ఆ మెరుపునే. వందేళ్ళు చేతులు మారి అరిగిన వెండి తళతళలాడుతోందంటే ఎవరో దాన్ని తోమారని అర్థం. తోమిన నాణేన్ని మళ్ళీ మొదటి స్థితికి తేవడం ఎవరి వల్లా కాదు.

ఇక్కడ చెప్పేది బ్రిటిష్ ఇండియా వెండి రూపాయలకూ (విక్టోరియా, ఏడ్వర్డ్, జార్జి బొమ్మలున్నవి), హైదరాబాద్ చార్మినార్ రూపాయికీ వర్తిస్తుంది. మన దగ్గర ఇళ్ళల్లో, సంతల్లో, నాణేల దుకాణాల్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. వరస మాత్రం మార్చకండి: తూకం, అంచు, ఉపరితలం, అరుగుదల, ఆఖర్న ధర. ముందరి మెట్టులో తప్పిన నాణేనికి తర్వాతి మెట్టు అక్కర్లేదు. నకిలీ బిళ్ల జుట్టు పోగులు ఎంత స్పష్టంగా ఉన్నా లాభమేముంది?

## 1. దగ్గర ఉండాల్సినవి

- 0.01 గ్రాము దాకా చూపే చిన్న డిజిటల్ త్రాసు. దాన్ని సరిచూసే బరువు కూడా.
- 10 రెట్లు పెద్దగా చూపే భూతద్దం. స్థితి తేల్చడానికి 5 రెట్లు చాలు, 10 రెట్లు అనుమానం తీర్చుకోవడానికి. అంతకు మించితే బంగారంలాంటి నాణెం కూడా గీతల మయంగా కనిపిస్తుంది.
- ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్. ఉక్కుదైతే అంచు గీసుకుపోతుంది.
- చిన్న నియోడిమియం అయస్కాంతం.
- మెత్తటి గుడ్డ. బిళ్లను తుడవడానికి కాదు, జారిపడితే దెబ్బ తగలకుండా కింద పరవడానికి.
- అదే రకానికి చెందిన, నిజమైనదని మీకు గట్టిగా తెలిసిన ఒక నాణెం. అరిగిపోయిన చవక బిళ్లయినా సరే. వీటన్నిటిలో ఎక్కువ పనికొచ్చేది ఇదే.

## 2. పట్టు, వెలుతురు

నాణేన్ని బొటనవేలు, చూపుడువేళ్ళ మధ్య అంచుతోనే పట్టుకోవాలి. బొమ్మ మీద వేలు పడితే చెమటలోని ఉప్పు, జిడ్డు అక్కడే ఉండిపోయి కొన్ని నెలలకు వేలిముద్ర గోధుమరంగులో తేలుతుంది.

ట్యూబ్‌లైటు కింద చూడకండి. నలుదిక్కులా పరుచుకునే వెలుగులో సన్నగీతలు మాయమవుతాయి. దుకాణాల్లో గాజు బల్ల కింద వరసగా పెట్టే తెల్లటి ఎల్‌ఈడీలు దీనికి వ్యతిరేకం, అరిగిన బిళ్లను కూడా మెరిపిస్తాయి. ఒకే ఒక్క టేబుల్ దీపం, కొంచెం పసుపు వెలుగు, ఒక పక్క నుంచి పడేలా పెట్టుకోండి. తర్వాత నాణేన్ని నెమ్మదిగా వాలుస్తూ, తిప్పుతూ చూడండి. కదలకుండా చూసిన నాణేన్ని సగమే చూసినట్టు.

## 3. తూకం, కొలత

పాత లెక్కలో రూపాయి బిళ్ల తూకమే తులం. అంటే 180 గ్రెయిన్లు, 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారం అంగళ్ళలో తులం అంటే 10 గ్రాములనే వాడుక ఉంది కాబట్టి, అమ్మేవారు "తులం ఉంది" అంటే ఏ తులమో అడగండి.

- విక్టోరియా, ఏడ్వర్డ్, అయిదో జార్జి రూపాయలు: 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం, వ్యాసం సుమారు 30.5 మిల్లీమీటర్లు.
- ఆరో జార్జి, 1940–1945: తూకం అదే 11.66, కానీ వెండి 50 శాతమే.
- 1947 రూపాయి: వెండే లేదు, నికెల్. అయస్కాంతానికి అతుక్కుంటుంది. కొత్తవాళ్ళకు వెండిదని చెప్పి అంటగట్టేది ఎక్కువగా దీన్నే.
- చార్మినార్ రూపాయి: సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు ఆఖరి ముద్రణల్లో ఇది 50 శాతానికి పడింది.

అరిగిన బిళ్ల కొంచెం తేలికవడం సహజం. తూకం, అరుగుదల ఒకే మాట చెబుతున్నాయా లేదా అన్నదే పరీక్ష. బ్రిటిష్ రూపాయి గీతలన్నీ పదునుగా ఉండి తూకం 11.2 చూపితే అది నకిలీయే అనుకుని పక్కన పెట్టండి. బాగా అరిగి నునుపుదేలిన బిళ్ల 11.66 తూగినా అనుమానమే.

అయస్కాంతం అంటుకోకపోతే అసలుదని కాదు. రాగి, ఇత్తడి, సీసం కూడా అంటుకోవు. అంటుకుంటే మాత్రం వెంటనే వదిలేయండి.

నీటి తూకం. ఖరీదైన బిళ్ల అయితే, అమ్మేవారు ఒప్పుకుంటే ఇది చేయండి.

1. చిన్న గ్లాసులో శుద్ధమైన నీళ్ళు పోసి త్రాసు మీద పెట్టి, అంకెను సున్నా చేయండి.
2. నాణేన్ని సన్నటి నైలాన్ దారంతో కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి.
3. త్రాసు చూపే అంకెతో నాణెం పొడి తూకాన్ని భాగించండి. వచ్చేది సాంద్రత.

91.7 శాతం వెండికి సాంద్రత సుమారు 10.3. అంటే 11.66 గ్రాముల బిళ్లకు నీటిలో అంకె 1.13 దరిదాపుల్లో ఉండాలి. చార్మినార్ బిళ్లకు 1.10. ఇత్తడి మీద వెండి పూత వేసినదైతే 1.35 దాటిపోతుంది. గాలి బుడగ అంటుకున్నా అంకె పెరుగుతుంది కాబట్టి ఒకసారి కదిపి మళ్ళీ చూడండి. తర్వాత గుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి.

గీటురాయి మీద గీయించడం, యాసిడ్ చుక్క వేయించడం కంసాలికి మామూలే. వెండి విలువ కోసమైతే సరే, సేకరణ నాణేనికి అది చావుదెబ్బ. క్యారెట్ మీటర్ (లోహం శుద్ధత చూపే యంత్రం) సౌకర్యం ఉన్న దుకాణముంటే అక్కడ చూపించండి. ఆ యంత్రం పైపొరనే చదువుతుంది. పాత బిళ్లల పైపొరలో రాగి కొంత పోయి ఉంటుంది కాబట్టి 91.7 కన్నా కాస్త ఎక్కువ చూపినా కంగారు అక్కర్లేదు.

## 4. అంచు

ఎక్కువమంది చూడకుండా వదిలేసేదీ, నకిలీలు ఎక్కువగా దొరికిపోయేదీ ఇక్కడే.

నాణేన్ని నిలబెట్టి దీపం కింద ఒక చుట్టు పూర్తిగా తిప్పండి. 91.7 శాతం వెండి రూపాయలకు అంచు పళ్ళు సమానంగా, నిట్టనిలువుగా ఉంటాయి. 1940 నుంచి వచ్చిన ఆరో జార్జి రూపాయలకు అంచు మధ్యలో గాడి తీసి భద్రతా ముద్ర వేశారు. అది ఉందంటే బిళ్ల 91.7 శాతం వెండిది కాదు.

వెతకాల్సినవి:

- అంచు మధ్యలో చుట్టూ సన్నటి అతుకు గీత: పోత పోసిన నకిలీ, లేదా రెండు ముక్కలు అతికించింది.
- ఒక్కచోట పళ్ళు అరిగి, కరిగినట్టు నునుపుగా ఉండటం: అక్కడ కొక్కెం మాటు వేసి (టంకంతో అతికించి) తీసేశారు.
- నొక్కులు: బిళ్ల కింద పడినప్పుడు అయినవి. గట్టు (బొమ్మ చుట్టూ ఎత్తుగా ఉండే వలయం) మీద పడిన నొక్కు ముందువైపు నుంచి చూసినా కనిపిస్తే ధర తగ్గుతుంది.

కొక్కెం గురించి కొంచెం ఆగి చెప్పాలి. మన ఇళ్ళల్లో రూపాయి బిళ్లలను దండలుగా గుచ్చి మెడలో వేసుకునేవారు. అందుకే తెలుగు ప్రాంతాల్లో దొరికే బిళ్లల్లో మాటు తీసినవి కనిపిస్తూనే ఉంటాయి. కొక్కెం సాధారణంగా రాజు తల పైన, అంటే గడియారంలో పన్నెండు అంకె ఉండే చోట వేస్తారు. టంకం తీసి ఆకురాయితో రుద్దినా, ఆ చోట రంగు కాస్త తేడాగా ఉంటుంది, గట్టు పలచబడుతుంది. బెజ్జం వేసి పూడ్చిన బిళ్లల్లో పూడిక చుట్టూ వలయం లీలగా కనిపిస్తుంది. అక్కడి అక్షరం పక్కవాటితో పోలిస్తే చేత్తో చెక్కినట్టు ఉంటుంది. ఇలాంటి బిళ్లను అమ్మమ్మ గుర్తుగా దాచుకోండి, కానీ సేకరణ ధర పెట్టి కొనకండి.

## 5. ఉపరితలం: తోమారా, తోమలేదా?

తప్పులు ఎక్కువ జరిగేది ఇక్కడే. తొందరపడకండి.

బొమ్మ చుట్టూ ఉండే ఖాళీ జాగాను చూడండి. టంకశాలలో అచ్చు పడినప్పుడు వెండి మధ్య నుంచి అంచుకు ఒత్తుకుపోతుంది. ఆ ప్రవాహపు గీతలు కంటికి కనిపించనంత సన్నవి. వాటి మీద వెలుగు పడితే, నాణేన్ని వాల్చినప్పుడు బండి చక్రం ఆకుల్లా మెరుపు చుట్టూ తిరుగుతుంది. అసలు మెరుపంటే ఇదే. తోమిన నాణెం కూడా మెరుస్తుంది, కానీ ఆ మెరుపు తిరగదు. గిన్నె అడుగులా అంతటా ఒకేలా ఉంటుంది.

చింతపండు, విభూతి, పళ్ళపొడి, వంటసోడా, వెండి పాలిష్ గుడ్డ: పండగ ముందు పూజ వెండితో పాటు బిళ్లలకూ ఇవన్నీ తగులుతాయి. ఒక్కోదానికి ఒక్కో గుర్తు.

- పొడితో రుద్దినవి: ఖాళీ జాగాలో ఒకే దిక్కుగా, లేదా చిన్న చిన్న సున్నాలుగా సాగే వెంట్రుక గీతలు. ఆ గీతలు అక్షరం దగ్గర ఆగి, అక్షరం అవతల మళ్ళీ మొదలైతే గుడ్డతో తోమారని తేల్చుకోవచ్చు. మామూలు వాడకపు గీతలు దిక్కూ దరీ లేకుండా, ఒక్కొక్కటిగా ఉంటాయి.
- పులుపుతో, రసాయనంలో ముంచినవి: గీతలుండవు. కానీ వెండి పాలిపోయి, సున్నం కొట్టినట్టు తెల్లగా, జీవం లేకుండా ఉంటుంది. అక్షరాల సందుల్లో మాత్రం పాత నలుపు మిగిలి ఉంటుంది.
- యంత్రపు బ్రష్షుతో రుద్దినవి: దూరం నుంచి కొత్త బిళ్లలా మోసం చేస్తాయి. భూతద్దంలో అక్షరాల అంచుల వెంట లోహం పోగుపడి చిన్న కట్టలా కనిపిస్తుంది.

నలుపు దోషం కాదు. గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడే పొర అది. సహజంగా వచ్చిన రంగు అంచు దగ్గర ముదురుగా మొదలై మధ్యకు వచ్చేకొద్దీ పలచబడుతుంది. బంగారు పసుపు, తర్వాత గోధుమ, ఊదా, నీలం, చివరికి నలుపు. రంగులు ఒకదాంట్లో ఒకటి మెల్లగా కరుగుతాయి. దాని కింద మెరుపు తిరుగుతూనే ఉంటే అలాంటి బిళ్లకు ఎక్కువ పెట్టినా తప్పు లేదు. కృత్రిమంగా పట్టించిన రంగు మరకలు మరకలుగా, తోమిన గీతల మీదుగా కూడా పరుచుకుంటుంది. రంగు కింద గీతలున్నాయా అని వెతకడం అలవాటు చేసుకోండి. తోమింది దాచడానికే చాలాసార్లు రంగు పట్టిస్తారు.

ఆకుపచ్చగా, జిగటగా కనిపించేది మెత్తటి ప్లాస్టిక్ కవరు నుంచి వచ్చిన అంటు. మొదట్లోనే అయితే శుద్ధమైన ఎసిటోన్‌లో ముంచి తీస్తే పోతుంది. గోళ్ళరంగు తుడిచే ద్రవం వాడకండి, అందులో నూనె, రంగు కలిపి ఉంటాయి. అంటు కింద వెండి గుంటలు పడి ఉంటే మాత్రం చేసేదేమీ లేదు.

ఖాళీ జాగాలో పువ్వు, నక్షత్రం, అక్షరంలాంటి చిన్న అచ్చుగుర్తులు కనిపిస్తే అవి షరాబులు వెండి పరీక్షించి కొట్టినవి. వాటితో స్థితి ధర తగ్గుతుంది.

మట్టిలోంచి తీసిన బిళ్లలు గరుకుగా, సున్నపురాయిలా సూక్ష్మరంధ్రాలతో ఉంటాయి. "లంకె బిందెల్లో దొరికింది" అని ఎవరైనా అంటే స్థితి సంగతి అటుంచి ఆ బేరమే మానుకోండి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన అలాంటి నిధిని కలెక్టరుకు తెలియజేయాలి.

## 6. అరుగుదల: ఎత్తైన చోట్లు

నాణెం ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ ముందు అరుగుతుంది. రకాన్ని బట్టి ఆ చోట్లు మారతాయి. ఇవి గుర్తుంచుకుంటే సగం విద్య వచ్చినట్టే.

విక్టోరియా (1862–1901). చెవి పైనున్న జుట్టు, చెంప, కిరీటం అడుగు పట్టీ, రవిక మీది పూల చెక్కడం. ముందు జుట్టు పోగులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి, తర్వాత రవిక పూలు చదునవుతాయి. బొమ్మ అచ్చుల్లో తేడాలున్నాయి కాబట్టి ఒక అచ్చు పూలను మరో అచ్చుతో పోల్చి "అరిగింది" అనకండి.

ఏడ్వర్డ్ (1903–1910). కిరీటం లేని తల. అందుకే చెవి, చెవిపై జుట్టు, కనుబొమ, గడ్డం దెబ్బతింటాయి. చెవి అంచు మడత పూర్తిగా కనిపిస్తే మంచి బిళ్ల. చెవి ఒక ముద్దలా కనిపిస్తే మధ్యరకం కన్నా కిందే. బొరుసు వైపు కిరీటం ముత్యాలు, తామర కాడల గీతలు చూడండి.

అయిదో జార్జి (1911–1922). చూపు మొదట కిరీటం ముత్యాల మీదికి, తర్వాత చెంప, గడ్డం, ఆ తర్వాత అంగీ మీది హారంలో ఉన్న ఏనుగు మీదికి పోవాలి. ఏనుగు కాళ్ళు, తొండం విడివిడిగా కనిపిస్తే ఆ బిళ్ల ఎక్కువ తిరగలేదు. 1911 బిళ్లలో ఆ ఏనుగు పందిలా ఉందని గొడవ వచ్చి తర్వాతి అచ్చు మార్చారు కాబట్టి, 1911లో పొట్టి తొండం అచ్చు తేడానే, అరుగుదల కాదు.

చార్మినార్ రూపాయి. మినార్ల అంచులు, మధ్య కమాను పైగీత, కమాను ద్వారంలోని ఉర్దూ అక్షరం. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బిళ్లలో అక్కడ 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ బిళ్లలో 'ఐన్' ఉంటుంది. ఆ అక్షరం మసకబారితే ఎవరి బిళ్లో తేల్చడానికి తేదీ మీద ఆధారపడాలి. అది హిజ్రీ (ఇస్లామీయ క్యాలెండరు) తేదీ అని మరవకండి.

అచ్చు సరిగా పడకపోవడం వేరు, అరగడం వేరు. అచ్చు బలహీనంగా పడిన చోట గీతలు లేకపోయినా మెరుపు ఉంటుంది, రంగు పక్కదానితో కలిసిపోతుంది. అరిగిన చోట మెరుపు పోయి బూడిదరంగు మచ్చలా కనిపిస్తుంది. దీపం కింద వాలిస్తే పది సెకన్లలో తేలుతుంది. "అచ్చే అలా ఉంది సార్" అని అమ్మేవారు చెప్పినప్పుడల్లా ఈ పరీక్ష చేయండి.

## 7. స్థాయికి పేరు పెట్టడం

దుకాణాల్లో వాడేవి ఈ మాటలే:

- యుఎన్‌సీ (అన్‌సర్క్యులేటెడ్): ఎక్కడా అరుగుదల లేదు, మెరుపు పూర్తిగా తిరుగుతుంది. సంచిలో ఒకదానికొకటి తగిలిన చిన్న గాట్లు ఉండొచ్చు.
- ఏయూఎన్‌సీ (అబౌట్ అన్‌సర్క్యులేటెడ్): అన్నిటికన్నా ఎత్తైన ఒకటి రెండు చోట్లే మెరుపు చెదిరింది.
- ఎక్స్‌ఎఫ్ (ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్): జుట్టు పోగులు, ముత్యాలు లెక్కపెట్టొచ్చు. సందుల్లో మెరుపు మిగిలి ఉంది.
- వీఎఫ్ (వెరీ ఫైన్): ప్రధాన గీతలన్నీ ఉన్నాయి, ఎత్తైన చోట్లు చదును.
- ఎఫ్ (ఫైన్): బొమ్మ ఆకారం, అక్షరాలు స్పష్టం. లోపలి గీతల్లో సగం పోయాయి.
- అంతకన్నా కిందివి, అరుదైన సంవత్సరమైతే తప్ప, వెండి ధరకే.

రెండు వైపులూ వేర్వేరు స్థాయిలో ఉంటే తక్కువదాన్నే లెక్కలోకి తీసుకోండి. "యుఎన్‌సీ, కొద్దిగా క్లీన్ చేసింది" అనే మాటకు అర్థం లేదు. అమ్మేవారు ఏయూఎన్‌సీ అన్నది మీ కంటికి ఎక్స్‌ఎఫ్‌గా కనిపిస్తే మీ కంటినే నమ్మండి.

ఎన్‌జీసీ, పీసీజీఎస్ (నాణేల స్థితిని ధ్రువీకరించే సంస్థలు) డబ్బాల్లో సీలు చేసిన బిళ్లలైతే లేబులు మీద 1 నుంచి 70 లోపు అంకె ఉంటుంది. 60, ఆ పైన అరుగుదల లేనివి. అంకె లేకుండా 'డీటెయిల్స్' అని ఉంటే తోమడం, గీత, మాటులాంటి దోషం పట్టుబడిందని. డబ్బాలకు కూడా నకిలీలున్నాయి, నంబరును ఆ సంస్థ వెబ్‌సైటులో కొట్టి, అక్కడి ఫొటోతో పోల్చాకే డబ్బు ఇవ్వండి.

## 8. సంవత్సరం, టంకశాల గుర్తు

అరుదైన సంవత్సరానికి డబ్బు పెడుతున్నప్పుడు తేదీలోని ఒక్కొక్క అంకెనూ 10 రెట్ల అద్దంలో చూడండి. 1939 రూపాయి అరుదైనది, అందుకే అంకె మార్చి తయారుచేసే ప్రమాదం ఎక్కువ. మార్చిన అంకె చుట్టూ ఖాళీ జాగా చెక్కినట్టు, రంగు తేడాగా ఉంటుంది.

అయిదో జార్జి బిళ్లల్లో బొరుసు వైపు అడుగు పువ్వు దగ్గర చిన్న ఉబ్బెత్తు చుక్క ఉంటే బొంబాయి, లేకపోతే కలకత్తా. విక్టోరియా 1862 తేదీ బిళ్లలు ఆ ఒక్క ఏడాదివి కావు, 1874 దాకా అదే తేదీతో కొట్టారు. వాటిలో చుక్కల సంఖ్యను బట్టి రకాలు చెప్పి ఎక్కువ అడుగుతారు. ఉబ్బెత్తుగా, గుండ్రంగా ఉన్నదే చుక్క. మురికి, దెబ్బ, తుప్పు చుక్కలు కావు.

ఈస్టిండియా కంపెనీ పేరుతో, రామ పట్టాభిషేకం బొమ్మతో 1818 అని రాసి అమ్మే బిళ్లలు ఏ టంకశాలలోనూ చెలామణికి కొట్టినవి కావు. వాటి స్థితి చూడాల్సిన పనే లేదు.

## 9. ఫొటో చూసి కొనేటప్పుడు

ఇవి రాకుండా అడ్వాన్సు పంపకండి:

- రెండు వైపులా నేరుగా తీసిన ఫొటోలు, కవరులోంచి బయటకు తీసి.
- అంచు చుట్టూ మూడు ఫొటోలు, అందులో ఒకటి రాజు తల పైభాగం.
- త్రాసు మీద బిళ్ల, అంకె కనిపించేలా.
- ఒకే దీపం కింద బిళ్లను వాలుస్తూ తిప్పిన 15 సెకన్ల వీడియో.
- బిళ్ల నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో రాతపూర్వకంగా.

తోమిన బిళ్ల ఫొటోలో బయటపడదు, వీడియోలో పడుతుంది. వీడియో ఇవ్వనన్నవారి దగ్గర వెండి ధర దాటి కొనకండి.

## 10. ధర కట్టడం

ముందు వెండి విలువ లెక్కేయండి. 91.7 శాతం రూపాయిలో అసలు వెండి సుమారు 10.69 గ్రాములు. చార్మినార్ 81.8 శాతం బిళ్లలో 9.14, ఆరో జార్జి 50 శాతం బిళ్లలో 5.83. ఆ రోజు గ్రాము ధరతో గుణిస్తే వచ్చేది అడుగు మట్టం. దాని పైన పెట్టే ప్రతి రూపాయీ స్థితికీ, అరుదుతనానికీ.

సాధారణ సంవత్సరపు బిళ్ల ఎఫ్, వీఎఫ్ స్థాయిలో ఉంటే అడుగు మట్టం మీద కొంచెమే ఎక్కువ పెట్టండి. ఎక్స్‌ఎఫ్ దాటాక ఒక్కో మెట్టుకు ధర బాగా ఎగబాకుతుంది. అక్కడే తప్పు అంచనా జేబుకు చిల్లు పెడుతుంది. తోమింది, మాటు తీసింది, పూడ్చింది అయితే అరుదైన సంవత్సరం కానంతవరకూ అడుగు మట్టం దగ్గరే ఆగిపోండి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్ళు ఒక సంగతి తెలుసుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. సెలవులకు వచ్చి కొన్న విక్టోరియా బిళ్లను సూట్‌కేసులో వేసుకుని వెళ్ళడం నేరమవుతుంది.

## 11. ఇంటికి తెచ్చాక

కడగకండి. మొదటి రోజే చాలామంది చేసే తప్పు అదే, ఏయూఎన్‌సీ బిళ్లను అయిదు నిమిషాల్లో వెండి ముక్కగా మార్చేది అదే. దుమ్ముంటే శుద్ధమైన నీళ్ళలో ముంచి తీసి, అద్ది ఆరనివ్వండి.

దాచడానికి మైలార్ కవరుగానీ గట్టి ప్లాస్టిక్ గుండ్రటి డబ్బాగానీ వాడండి. రబ్బరు బ్యాండు, వార్తాపత్రిక, చెక్కపెట్టె వద్దు. రబ్బరులో గంధకం, చెక్కలో ఆమ్లం ఉంటాయి. సముద్ర తీరం ఊళ్ళలో ఉండేవాళ్ళు డబ్బాలో సిలికా జెల్ పొట్లం పెట్టి, నీలం గుళికలు గులాబీ రంగుకు తిరగ్గానే మార్చాలి. కవరు మీద కొన్న తేదీ, తూకం, మీరు కట్టిన స్థాయి రాసి పెట్టుకోండి. ఆర్నెల్ల తర్వాత అదే బిళ్లను అదే దీపం కింద మళ్ళీ చూసి, పాత రాత చదవకుండా కొత్తగా స్థాయి కట్టి, రెండూ పోల్చండి.